సీజన్ మధ్యలో సెక్యూరిటీ అప్‌డేట్: ప్రాజెక్టు ఆగకుండా ప్యాకేజీలు మార్చుకునే పద్ధతి

2024 మార్చిలో నేను చేసిన పొరపాటుతో మొదలుపెడతాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి జోరుగా వస్తున్న రోజులవి. అక్కడి ఒక అడ్తి (కమిషన్ ఏజెంటు) దుకాణానికి తక్‌పట్టీలు రాసే సాఫ్ట్‌వేర్‌ను హనుమకొండలో కూర్చుని నేనే చూసుకుంటాను. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర కొడితే హమాలీ, దడువాయి (తూకం వేసేవాళ్ల) ఖర్చులు పోను చేతికి ఎంతొస్తుందో లెక్కగట్టి పట్టీ ప్రింట్ ఇస్తుంది. పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ 3.2 వెర్షన్ మీద రాసింది. ఒక రాత్రి జాంగోలో సెక్యూరిటీ లోపం ఉందని మెయిల్ వచ్చింది. ఎలాగూ 3.2 కు వచ్చే నెలతో సపోర్టు అయిపోతుంది కదా, ఒకేసారి 4.2 కు పోదాం అనుకున్నాను. టెస్టులన్నీ పాసయ్యాయి. లాప్‌టాప్‌లో అంతా బాగానే నడిచింది. పదకొండింటికి సర్వర్‌లో పెట్టేసి పడుకున్నాను.

పొద్దున ఏడున్నరకు గుమాస్తా ఫోన్. "తమ్మీ, సరుకు దిగింది, జెండా పాట కూడా అయితది ఇంకాసేపట్ల. ఇదేమో సేవ్ అయితలేదు. ఏదో ఫర్‌బిడెన్ అంటున్నది."

పేజీలు తెరుచుకుంటున్నాయి, కానీ ఏ బటన్ నొక్కినా 403, అంటే అనుమతి లేదనే ఎర్రర్. నేను పాత 3.2 కు వెనక్కి తిప్పేదాకా, ఆ రోజు మొదటి రెండు గంటల పట్టీలు చేత్తోనే రాశారు. తర్వాత తీరిగ్గా చూస్తే తెలిసింది: నేను భయపడిన లోపం సీవీఈ-2024-27351 (సీవీఈ అంటే బయటపడిన లోపానికి ఇచ్చే నంబరు). పొడవైన హెచ్‌టీఎంఎల్ వాక్యాన్ని కొన్ని పదాలకు కత్తిరించే ఒక టెంప్లేట్ ఫిల్టర్‌లో ఉంది. ఆ ఫిల్టర్‌ను మేం ఎక్కడా వాడలేదు. వాడినా, దాన్ని సరిచేసిన 3.2.25 అదే రోజు విడుదలై ఉంది. చివరి అంకె ఒక్కటి మారిస్తే సరిపోయేదానికి నేను పెద్ద వెర్షనే మార్చాను.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. లోపాన్ని పూడ్చడం ఒక పని, కొత్త వెర్షన్‌కు వెళ్లడం ఇంకో పని. రెండూ ఒకే రాత్రి చేయను. ఈ వ్యాసంలో చెప్పే అడుగులన్నీ ఆ నియమం నుంచి వచ్చినవే. ఉదాహరణలు పైథాన్, నోడ్‌లవి. మీరు జావా వాడినా పీహెచ్‌పీ వాడినా టూల్స్ పేర్లు మారతాయి తప్ప వరుస ఇదే.

1. సర్వర్‌లో నిజంగా ఏముందో చూడండి

కావాల్సిన ప్యాకేజీలు రాసుకునే రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో ఉన్నది వేరు, సర్వర్‌లో నడుస్తున్నది వేరు. ఫైల్‌లో వెర్షన్ లేకుండా ఉత్త "పిల్లో" (ఫొటోలు చూసే ప్యాకేజీ) అని రాసి ఉంటే, రెండేళ్ల కింద పెట్టిన సర్వర్‌లో పాతది, నిన్న కొన్న లాప్‌టాప్‌లో కొత్తది ఉంటాయి. కాబట్టి సర్వర్‌లోకి లాగిన్ అయి, ప్రాజెక్టు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (దాని ప్యాకేజీలు విడిగా ఉండే ఫోల్డర్) పిప్ ఫ్రీజ్ కొట్టి, వచ్చిన ప్యాకేజీల, వెర్షన్ల జాబితాను అలాగే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) కమిట్ చేయండి. మీరు వెనక్కి రావాల్సి వస్తే రావాల్సింది ఆ జాబితాకే.

నోడ్‌లో ప్యాకేజ్ లాక్ ఫైల్ ఆ పని చేస్తుంది. కాకపోతే చాలామంది దాన్ని గిట్ ఇగ్నోర్‌లో పడేస్తారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. లాక్ ఫైల్‌ను కమిట్ చేయండి. నోడ్ ప్యాకేజీలు దించే టూల్ ఎన్‌పీఎం. సర్వర్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కాకుండా ఎన్‌పీఎం సీఐ వాడండి. అది లాక్ ఫైల్‌లో రాసి ఉన్నవే దించుతుంది, ప్యాకేజ్ ఫైల్‌కూ లాక్ ఫైల్‌కూ పొంతన లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

2. హెచ్చరికను చదవండి, లెక్కపెట్టకండి

తెలిసిన లోపాలను వెతికే టూల్స్ ఇవి: పైథాన్‌లో పిప్-ఆడిట్, నోడ్‌లో ఎన్‌పీఎం ఆడిట్, అన్ని భాషలకూ పనికొచ్చేది కావాలంటే ఓఎస్‌వీ-స్కానర్. ఏది నడిపినా మొదటిసారి ఓ పెద్ద ఎర్ర జాబితా వస్తుంది. 43 లోపాలు, అందులో 6 క్రిటికల్ అని కనబడగానే టెన్షన్ పడి అన్నీ ఒకేసారి సరిచేయాలనిపిస్తుంది. ముందు ఒక్కో దాన్ని మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది, ఈ ప్యాకేజీ సర్వర్‌లో నడిచేదా, లేక కోడ్ తయారయ్యేటప్పుడు మాత్రమే వాడేదా? ఎన్‌పీఎం ఆడిట్‌కు ఒమిట్ డెవ్ అనే ఆప్షన్ ఇస్తే రెండో రకం పక్కకు పోతుంది. జాబితా సగానికి పడిపోవడం నేను చాలాసార్లు చూశాను. పక్కకు పోయినవి అసలు పట్టించుకోనక్కర్లేదని కాదు, ఈ రాత్రికి అవసరం లేదు, అంతే.

రెండోది, బయటివాళ్లు పంపే డేటా ఆ కోడ్ దాకా చేరుతుందా? పట్టీ మీద దుకాణం లోగో మనమే పెట్టుకుంటాం. రైతు పాస్‌పుస్తకం ఫొటో మాత్రం ఎవరి ఫోన్ నుంచైనా రావచ్చు. ఫొటోలను విప్పి చదివే లైబ్రరీ ఒకటే అయినా, ప్రమాదమంతా ఆ రెండో దారిలోనే ఉంది.

మూడోది, దీన్ని ఇప్పటికే ఎవరైనా దాడులకు వాడుతున్నారా? అమెరికా ప్రభుత్వ సంస్థ సీసా ఇలాంటివాటి జాబితాను అందరికీ కనబడేలా పెడుతుంది, దాన్ని కేఈవీ అంటారు. తీవ్రత స్కోరు పదికి 7 ఉండి ఆ జాబితాలో ఉన్న లోపం, స్కోరు 9 ఉండి అందులో లేనిదాని కంటే ముందు చూడాల్సింది.

ఇక్కడో జాగ్రత్త. "ఆ ఫంక్షన్ మేం వాడం" అనే మాటను కోడ్‌లో వెతికి నిరూపించుకున్నాకే అనండి. 2021 డిసెంబర్‌లో, జావాలో లాగ్‌లు రాసే లాగ్4జే లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు చాలామంది మాకేం సంబంధం అనుకున్నారు. యూజర్ పేరు పెట్టెలో కొట్టిన ఒక వాక్యం లాగ్‌లోకి వెళ్తే చాలు, అవతలివాడి కోడ్ మన సర్వర్‌లో నడిచేది. తాము లాగ్4జే వాడుతున్నామని కూడా చాలామందికి తెలియదు, అది వేరే లైబ్రరీ లోపల కూర్చుని ఉంది.

3. లోపం పోయే అతి దగ్గరి వెర్షన్ ఏది?

వెర్షన్‌లో మూడు అంకెలుంటాయి. చివరిది మారితే తప్పులు దిద్దారని, మధ్యది మారితే కొత్త సౌకర్యాలు చేర్చారని, మొదటిది మారితే పాత కోడ్ పనిచేయకపోవచ్చని అర్థం. ఇది రాసినవాళ్లు ఇచ్చిన మాట మాత్రమే. అందరూ నిలబెట్టుకుంటారని లేదు, జాంగోలాంటివి సొంత పద్ధతి పాటిస్తాయి. నోడ్‌లో 1.4.2 ముందు టోపీ గుర్తు (^) ఉంటే 2.0.0 కు లోపు ఏదైనా రావచ్చు, అల గుర్తు (~) ఉంటే 1.5.0 కు లోపే. సున్నాతో మొదలయ్యే వెర్షన్లకు టోపీ గుర్తు కూడా బిగుతుగానే ఉంటుంది, 0.4.2 అయితే 0.5.0 దాటనివ్వదు.

హెచ్చరికలో "ఏ వెర్షన్‌లో సరిచేశారు" అనే వరుస చూడండి. తరచుగా రెండు మూడు వెర్షన్లు కనబడతాయి. మీరున్న శాఖలోనే సరిచేసినది ఉంటే అదే తీసుకోండి. నా విషయంలో అది 3.2.25.

మీ శాఖలో ఫిక్స్ రాకపోతే? అసలు తలనొప్పి అక్కడే. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ బొమ్మలను విప్పే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో లోపం బయటపడింది, సీవీఈ-2023-4863. తయారుచేసి పంపిన ఒక బొమ్మతో మెమరీని చెడగొట్టవచ్చు. పైథాన్‌లో ఫొటోలు చూసే పిల్లో, ఆ లైబ్రరీని తనతోపాటే మోసుకొస్తుంది. సరిచేసిన ప్యాకేజీ 10.0.1 గా వచ్చింది. మేం ఉన్నది 9.5 మీద. 10 లో ఏం తీసేశారో చూస్తే, ఫొటో చిన్నది చేసేటప్పుడు మేం రాసిన యాంటీఅలియాస్ అనే పేరు లేదు. వెర్షన్ మారిస్తే పాస్‌పుస్తకం ఫొటో ఎక్కించగానే ప్రోగ్రామ్ పడిపోతుంది.

అప్పుడు చేసిన పనిని ఇప్పటికీ ప్రతి పెద్ద వెర్షన్‌కూ చేస్తున్నాను. ముందు కోడ్‌ను పాత వెర్షన్‌లోనూ కొత్త వెర్షన్‌లోనూ నడిచేలా మార్చాలి. యాంటీఅలియాస్‌కు ఇంకో పేరు లాంక్‌జోస్, ఫిల్టర్ ఒకటే. ఆ పేరు 9.5 లోనూ ఉంది. కాబట్టి మొదటిరోజు పిల్లోను ముట్టుకోకుండా కోడ్‌లో పేరు మాత్రమే మార్చి సర్వర్‌లో పెట్టాను. ఒక రోజంతా ఫొటోలు సరిగ్గా వచ్చాయి. రెండోరోజు కోడ్‌ను ముట్టుకోకుండా 10.0.1 పెట్టాను. ఏదైనా చెడిపోయినా కారణం ఒక్కటే ఉంటుంది, వెతుక్కునే పని ఉండదు.

పాత వెర్షనే ఈ మార్పుల గురించి ముందుగా చెబుతుంటుంది, మనకే వినబడదు. డిప్రికేషన్ వార్నింగ్‌లను, అంటే ఇది ముందుముందు తీసేస్తామనే హెచ్చరికలను, పైథాన్ మామూలుగా దాచేస్తుంది. డబ్ల్యూ-డీ (-Wd) ఆప్షన్‌తో టెస్టులు నడిపితే అవన్నీ బయటికొస్తాయి. ఒక కాగితం మీద రాసుకోండి. పెద్ద వెర్షన్‌కు వెళ్లే పనిలో చాలావరకు ఆ కాగితమే.

4. ముట్టుకునే ముందు, గుమాస్తా పొద్దున చేసే పనులు రాసుకోండి

అన్నింటికీ టెస్టులు ఉంటే మంచిదే, మనలో ఎంతమంది ప్రాజెక్టులకు ఉన్నాయి? లేకపోతే ఆరేడు చాలు. లాగిన్ కావడం, ఒక రైతును చేర్చడం, బస్తాలు ఎక్కించడం, పట్టీ ప్రింట్ తీయడం, సాయంత్రం రోజు లెక్క చూడటం. ఆ వరుస ఆగితే దుకాణం ఆగుతుంది, మిగతావి ఆగితే రేపు చూసుకోవచ్చు.

లెక్కలకు మాత్రం ఇంకొంచెం ఓపిక కావాలి. పోయిన సీజన్ నుంచి వంద పట్టీలు తీసుకుంటాను. తేజ, వండర్ హాట్, చపాటా అన్నీ కలిసేలా, తూకంలో కిలోలు, గ్రాములు ఉన్నవి, కోతలు ఎక్కువున్నవి ఏరుకుంటాను. పాత వెర్షన్‌లో ఒకసారి, కొత్త వెర్షన్‌లో ఒకసారి నడిపి, రెండు ఫైళ్లనూ డిఫ్ చేస్తాను. ఒక్క పైసా తేడా ఉన్నా ఆగుతాను. రౌండింగ్‌లో వచ్చే తేడా ఏ ఎర్రర్ మెసేజ్‌లోనూ కనబడదు. రైతు వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియదు, అప్పటికి పరువు పోయి ఉంటుంది.

డేటాబేస్ బ్యాకప్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. తీసిన బ్యాకప్‌ను ఇంకోచోట ఎక్కించి తెరిచి చూడండి. తెరవనంతవరకు దాన్ని బ్యాకప్ అనొద్దు.

ఇక మార్చి పొరపాటు దగ్గరికి వద్దాం. టెస్టులన్నీ పాసైనా 403 ఎందుకొచ్చింది? మా సర్వర్‌లో ముందు ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ కూర్చుని హెచ్‌టీటీపీఎస్‌ను తనే విప్పి, లోపల జాంగోకు మామూలు హెచ్‌టీటీపీగా పంపుతుంది. 3.2 కు దానితో పేచీ లేదు. 4.0 నుంచి జాంగో, ఏ సైట్ నుంచి వచ్చిందో చెబుతూ బ్రౌజర్ పంపే ఆరిజిన్ హెడర్‌ను కూడా సరిచూస్తుంది. బ్రౌజరేమో హెచ్‌టీటీపీఎస్ అంటుంది, జాంగో తనకొచ్చింది హెచ్‌టీటీపీ అనుకుంటుంది. రెండూ కలవలేదు కాబట్టి ఎవరో బయటివాడని తలుపు వేసేసింది. లాప్‌టాప్‌లో ఇంజిన్‌ఎక్స్ లేదు కాబట్టి సమస్య లేదు. టెస్టుల సంగతి ఇంకా విచిత్రం: జాంగో టెస్ట్ క్లయింట్ ఈ సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీని (వేరే సైట్ల నుంచి వచ్చే దొంగ రిక్వెస్టులను ఆపేది) మామూలుగా చేయదు, మనం ప్రత్యేకంగా అడిగితేనే చేస్తుంది. అంటే చెడిపోయిన ఆ ఒక్క తలుపునే నా టెస్టులు ముట్టుకోలేదు.

వచ్చింది హెచ్‌టీటీపీఎస్ అని ఇంజిన్‌ఎక్స్ ఒక హెడర్‌లో చెప్పేలా, జాంగో సెట్టింగ్స్‌లో సెక్యూర్ ప్రాక్సీ ఎస్‌ఎస్‌ఎల్ హెడర్ ద్వారా దాన్ని నమ్మేలా చేస్తే చాలు. ఈ మార్పు 3.2 లోనూ పనిచేస్తుంది. వారం ముందే పెట్టి ఉంటే ఆ పొద్దున ఫోన్ వచ్చేది కాదు. అందుకే అసలు సర్వర్‌లాగే ముందు ఇంజిన్‌ఎక్స్, హెచ్‌టీటీపీఎస్ ఉన్న చిన్న స్టేజింగ్ (రిహార్సల్) సర్వర్ ఒకటి పెట్టుకోండి. ప్రాజెక్టు నిలబడిందా అనేది అక్కడ బ్రౌజర్‌లో బటన్ నొక్కి చూడాలి.

5. ఒక ప్యాకేజీ, ఒక కమిట్

కొత్త బ్రాంచ్ తీసి, ఒక్క ప్యాకేజీ మార్చి, టెస్టులు నడిపి, కమిట్ చేసి, తర్వాతిది. కమిట్ మెసేజ్‌లో సీవీఈ నంబరు, పాత వెర్షన్, కొత్త వెర్షన్ రాయండి. పన్నెండు ప్యాకేజీలకు పన్నెండు కమిట్లు. విసుగ్గానే ఉంటుంది. ఏది చెడగొట్టిందో తెలియనప్పుడు గిట్ బైసెక్ట్ ఆ పన్నెండింటిలో నాలుగు చూసి దొంగను పట్టిస్తుంది.

పెద్ద వెర్షన్లు దాటాల్సి వస్తే మెట్టు మెట్టుగా వెళ్లండి. 3.2 నుంచి 4.2 కు అంటే 4.0, 4.1, 4.2 మూడింటి రిలీజ్ నోట్స్ చదవాలి. మొత్తం కాదు, పాత కోడ్‌తో పొసగని మార్పుల భాగం చాలు. నా 403 కు కారణం 4.0 నోట్స్‌లో రాసే ఉంది.

6. మీరు పెట్టని ప్యాకేజీలో లోపం ఉంటే

ఎక్కువ హెచ్చరికలు ఇలాంటివే. మీరు పెట్టింది ఒకటి, అది తెచ్చుకుంది ఇంకోటి, దాని లోపల మూడోది. ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్ అని ప్యాకేజీ పేరు ఇస్తే అది ఏ దారిన వచ్చిందో చెట్టులా చూపిస్తుంది. ముందు పైన ఉన్న ప్యాకేజీని పెంచి చూడండి, చాలాసార్లు కింది లోపం దానంతటదే పోతుంది. పోకపోతే ప్యాకేజ్ ఫైల్‌లో ఓవర్‌రైడ్స్ భాగం పెట్టి కింది ప్యాకేజీకి వెర్షన్ బిగించవచ్చు. నోడ్‌కే ఉన్న ఇంకో టూల్ యార్న్‌లో దీన్నే రిజల్యూషన్స్ అంటారు, పిప్‌లో కన్‌స్ట్రెయింట్స్ ఫైల్ దాదాపు ఇలాంటి పనే చేస్తుంది. బిగించిన తేదీ, కారణం పక్కనే ఎక్కడైనా రాసి పెట్టండి. లేకపోతే రెండేళ్లకు ఆ బిగింపే కొత్త లోపం అవుతుంది.

ఆడిట్ ఫిక్స్‌కు ఫోర్స్ తగిలించి కొట్టొద్దు. ఆడిట్ ఫిక్స్ ఒక్కటే అయితే అనుమతించిన పరిధిలో ఉంటుంది. ఫోర్స్ పెడితే పెద్ద వెర్షన్లు దూకుతుంది, కొన్నిసార్లు ఎర్ర గుర్తు పోగొట్టడానికి ప్యాకేజీని ఏళ్ల కిందటి పాత వెర్షన్‌కు దింపేస్తుంది కూడా. రిపోర్టు శుభ్రంగా ఉంటుంది, ప్రాజెక్టు ఉండదు.

7. కొత్తదాన్ని వెంటనే నమ్మొద్దు

అప్‌డేట్ ద్వారానే విషం రావచ్చు. 2024 మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే దొరికింది. 2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి రోజూ కోట్లలో దిగే ఎన్‌పీఎం ప్యాకేజీల యజమానిని దొంగ మెయిల్‌తో మోసం చేసి, విషం కలిపిన వెర్షన్లు ఎక్కించారు. కొన్ని గంటల్లోనే తీసేశారు. కానీ ఆ గంటల్లో కళ్లు మూసుకుని లేటెస్ట్ దించినవాళ్లకు అదే దిగింది.

అందుకే మామూలు అప్‌డేట్లను వారం పాటు నానబెడతాను. అప్‌డేట్లను వాటంతటవే ప్రతిపాదించే టూల్స్ డిపెండబాట్‌లో కూల్‌డౌన్, రెనోవేట్‌లో మినిమమ్ రిలీజ్ ఏజ్ అనే సెట్టింగ్‌లు ఇందుకే. సెక్యూరిటీ ఫిక్స్‌లకు ఈ వారం వర్తించదు. 2017 లో అమెరికా క్రెడిట్ సంస్థ ఈక్విఫాక్స్ సంగతి తెలిసిందే: వాళ్లు వాడిన జావా ఫ్రేమ్‌వర్క్ అపాచీ స్ట్రట్స్‌కు ఫిక్స్ మార్చిలో వస్తే పెట్టుకోలేదు, మేలో చొరబడ్డారు, దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి.

8. సర్వర్‌లో పెట్టే రోజు

మార్కెట్ సెలవు రోజు పొద్దున పెడతాను, రాత్రి కాదు. రాత్రి పెడితే చెడిపోయింది పొద్దున తెలుస్తుంది, అప్పటికి సరుకు దిగి ఉంటుంది. కేఈవీ జాబితాలో ఉన్న లోపమైతే సెలవు కోసం చూడను. సేటుకు ముందే ఫోన్ చేసి, పది నిమిషాలు ఆపుతున్నా అని చెప్పి పెడతాను.

నడుస్తున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోనే పిప్ ఇన్‌స్టాల్ కొట్టొద్దు. పక్కన కొత్తది తయారుచేసి, లాక్ చేసిన జాబితా అందులో దించి, సర్వీసును దానివైపు తిప్పండి. పాతది వారం దాకా అలాగే ఉంచండి. వెనక్కి రావడం అంటే దారి తిప్పి రీస్టార్ట్ చేయడమే, అర నిమిషం పని. డేటాబేస్ మైగ్రేషన్లు మాత్రం ఆ రోజు వద్దు. టేబుల్ మారిపోతే పాత కోడ్‌కు తిరిగిరాలేం.

పెట్టాక మొదటి గంట లాగ్ ముందు కూర్చోండి. సర్వర్‌లోనే తప్పు జరిగితే వచ్చే 500 లే కాదు, 403, 400 లు కూడా లెక్కపెట్టండి, నిన్న ఇదే సమయానికి ఎన్ని ఉన్నాయో పోల్చండి. ఆ మార్చి రాత్రి నేను 500 ల కోసమే చూశాను, ఒక్కటీ లేదు.

ఫిక్స్ పెట్టినంత మాత్రాన కథ అయిపోదు కూడా. లాగ్4జేకు 2.15.0 పెట్టి ఊపిరి పీల్చుకున్నవాళ్లు, అదే డిసెంబర్‌లో 2.16.0, 2.17.0, 2.17.1 కూడా పెట్టుకోవాల్సి వచ్చింది. మొదటి ఫిక్స్ పూర్తిగా పూడ్చలేదు. ఆ ప్యాకేజీ హెచ్చరికలను రెండు వారాలు కనిపెట్టుకుని ఉండండి.

9. క్యాలెండర్

నెలకొకసారి చివరి అంకె అప్‌డేట్లన్నీ చేస్తాను, రెండు గంటల పని. పెద్ద వెర్షన్ల జోలికి అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా పోను. పత్తితో మొదలై మిర్చితో ముగిసే దాకా ఇక్కడ ఊపిరాడదు. మిర్చి అయిపోయి కొత్త పత్తి రాకముందు, వానాకాలంలో చేస్తాను. మేడారం జాతర వారంలో ఏదీ ముట్టుకోను, ఏదైనా చెడిపోతే ఆ ట్రాఫిక్‌లో ఎనుమాముల చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది.

జాంగో వాడేవాళ్లు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్టు ఉండే) వెర్షన్లకు సపోర్టు అయిపోయే తేదీలు గోడ మీద రాసి పెట్టుకోండి: 3.2 కు 2024 ఏప్రిల్, 4.2 కు 2026 ఏప్రిల్, 5.2 కు 2028 ఏప్రిల్. మూడూ మిర్చి సీజన్‌లోనే పడుతున్నాయి. అంటే మారాల్సింది అంతకుముందు సంవత్సరం వానాకాలంలోనే. మా పట్టీల ప్రోగ్రామ్ చివరికి 4.2 కు వెళ్లింది 2024 జూలైలో, ఒక ఆదివారం పొద్దున. సోమవారం గుమాస్తాకు నేనే ఫోన్ చేసి అడిగాను. "ఏం మార్చినవ్ తమ్మీ, అంతా గట్లనే ఉన్నది కదా" అన్నాడు.